పానా పట్టినోళ్ల ప్రశ్నలు: సొంతంగా కట్టిన కారుకి చవక డిజిటల్ మీటరు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగం డిజిటల్ మీటర్ల మీదే ఉన్నాయి. ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకి దొరికే బైకు మీటర్లు చూసి, పాత ఇంజన్‌తో సొంతంగా బండి కట్టుకున్నవాళ్లందరికీ చెయ్యి ఊరుకోవడం లేదు. గేర్‌బాక్స్ శబ్దాలు, ఏసీ గ్యాసు ప్రశ్నలు పంపినవాళ్లు ఏమీ అనుకోకండి, మీవి వచ్చే నెల చూద్దాం.

ప్రశ్న (చీమకుర్తి నుంచి): అన్నా, మాది క్వారీల రోడ్డులో వెల్డింగ్ షాపు. పాత మారుతీ 800 కార్బురేటర్ ఇంజన్, గేర్‌బాక్స్ తీసుకుని వెనకవైపు కూర్చోబెట్టి, పైపులతో ఛాసిస్ చేసి రెండు సీట్ల బండి కట్టాను. మామిడి తోటలో తిప్పుకోడానికే. పాత డాష్‌బోర్డు ఇందులో పట్టదు. బైకుకి అమ్మే డిజిటల్ మీటరు రెండున్నర వేలకి చూశాను, అందులో స్పీడు, ఆర్‌పీఎం, పెట్రోలు, టెంపరేచర్ అన్నీ ఉన్నాయి. కారు ఇంజన్‌కి పనిచేస్తుందా?

జవాబు: పనిచేస్తుంది తమ్ముడూ. కాకపోతే నువ్వు కొంటున్నది అంకెలు చూపించే పెట్టె మాత్రమే. ఆ అంకె నిజమా కాదా అన్నది నువ్వు ఇంజన్ మీద, ట్యాంకులో, చక్రం దగ్గర పెట్టే సెన్సర్ల చేతుల్లో ఉంది. మీటరు ఎంత అందంగా వెలుగుతుందో చూసి కొనేవాళ్లే ఎక్కువ, నువ్వు మాత్రం ముందు దాని సెట్టింగుల పేజీ అడిగి చదువు. అమ్మేవాడి దగ్గర ఆ కాగితం లేకపోతే ఆ మీటరు వదిలెయ్.

మొదట ఆర్‌పీఎం సంగతి. నీది మూడు సిలిండర్ల ఇంజన్. బైకు మీటర్లలో సాధారణంగా ఒకటి, రెండు, నాలుగు సిలిండర్ల ఆప్షన్లే ఉంటాయి, మూడు ఉండదు. ఫోర్ స్ట్రోక్ మూడు సిలిండర్ల ఇంజన్‌లో ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్గులకి స్పార్కు పుట్టించేది) ఒక్కో తిరుగుడుకి ఒకటిన్నర స్పార్కులు ఇస్తుంది, నాలుగు సిలిండర్లదైతే రెండు. అందుకని మీటరుని నాలుగు సిలిండర్లకి పెట్టి కాయిల్ నుంచి సిగ్నల్ ఇస్తే, ఇంజన్ నిజంగా 1,000 తిరుగుతుంటే మీటరు 750 చూపిస్తుంది. ఐడిలింగ్ 900లో ఉన్న బండి 675 అంటుంది, అది చూసి నువ్వు కార్బురేటర్ స్క్రూ తిప్పడం మొదలుపెడతావు, అసలుకే మోసం.

దీనికి తేలికైన దారి ఉంది. నీ ఇంజన్‌కి డిస్ట్రిబ్యూటర్ (స్పార్కుని ఒక్కో ప్లగ్గుకీ వరసగా పంచేది) ఉంది కాబట్టి ఒక్కో ప్లగ్గు రెండు తిరుగుళ్లకి ఒక్కసారే స్పార్కు కొడుతుంది. మీటరు ఆర్‌పీఎం వైరుని ఏదో ఒక ప్లగ్గు వైరు మీద ఐదారు చుట్లు చుట్టి టేపు వెయ్యి, రాగి ఎక్కడా తగలక్కర్లేదు, ఇన్సులేషన్ మీదే. సెట్టింగులో రెండు తిరుగుళ్లకి ఒక పల్స్ అని ఉన్నది ఎంచుకో, కొన్నిట్లో అది 0.5 అని ఉంటుంది. అప్పుడు సిలిండర్లు మూడైనా ముప్పయ్యైనా లెక్క సరిగ్గా వస్తుంది. ఆ 0.5 లేక ఒకటి మాత్రమే ఉంటే మీటరు సగం చూపిస్తుంది, రెండుతో గుణించుకో. కాయిల్ నెగటివ్ నుంచి నేరుగా వైరు లాగాలనుకుంటే మాత్రం జాగ్రత్త, స్పార్కు పడే క్షణంలో అక్కడ కొన్ని వందల వోల్టులు లేస్తాయి. మధ్యలో కనీసం 10 వేల ఓమ్‌ల రెసిస్టర్ (కరెంటుని అడ్డుకునే ముక్క) లేకుండా కలిపితే చవక మీటరు మొదటి సెల్ఫ్‌కే పోవచ్చు. అంకె కోతిలా గెంతుతుంటే ప్లగ్గులు చూడు, నంబరులో ఆర్ అక్షరం ఉన్న రెసిస్టర్ ప్లగ్గులు వేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

స్పీడుకి మీటరుతో పాటు చిన్న అయస్కాంతం, సెన్సర్ వస్తాయి. ఇంజన్ వెనక చక్రాల్ని తిప్పుతోంది కదా, అందుకని ముందు చక్రానికి పెట్టు, తోటలో బురదలో వెనక చక్రాలు ఊరికే తిరిగినా మీటరు అబద్ధం చెప్పదు. అయితే అయస్కాంతాన్ని బ్రేకు డిస్క్‌కి అంటించొద్దు. మామూలు రకం నియోడిమియం అయస్కాంతం 80 డిగ్రీలు దాటితే బలం తగ్గిపోతుంది, డిస్క్ అంతకంటే చాలా ఎక్కువ కాలుతుంది. హబ్బు లోపలి వైపు, డిస్క్‌కి ఎడంగా ఎపాక్సీతో అంటించి పైన సన్న క్లిప్పు కూడా వెయ్యి. చక్రం చుట్టుకొలత అడుగుతుంది మీటరు. 145/70 ఆర్12 టైరుకి కాగితం మీద లెక్క 1,595 మిల్లీమీటర్లు, కానీ మనిషి ఎక్కితే టైరు కొంచెం నలుగుతుంది. నువ్వు సీట్లో కూర్చుని, టైరు మీదా నేల మీదా సుద్దముక్కతో గీత గీసి, ఒక్క తిరుగుడు బండిని నెట్టించి టేపుతో కొలిచిన అంకె పెట్టు. తర్వాత ఫోనులో జీపీఎస్ స్పీడుతో పోల్చి చూసుకో. ఒకే అయస్కాంతంతో 60 స్పీడులో సెకనుకి పదిసార్లు పల్స్ వస్తుంది, బాగానే ఉంటుంది. ఐదు స్పీడులో సెకనుకి ఒకటి కూడా రాదు, అందుకే నెమ్మదిగా పోయేటప్పుడు సున్నా, ఆరు, సున్నా అని ఊగుతుంది. తోట బండికి ఇది రోజూ కనబడే చిరాకు. పల్స్‌ల సంఖ్య మార్చుకునే మీటరైతే సమాన దూరాల్లో నాలుగు అయస్కాంతాలు పెట్టు.

పెట్రోలు గేజీ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. ట్యాంకులోని ఫ్లోటు పైకీ కిందికీ కదిలేటప్పుడు దాని రెసిస్టెన్స్ మారుతుంది, మీటరు ఆ ఓమ్‌లని చదువుతుంది. బైకు మీటర్లలో ఎక్కువగా 100, 510 అనే రెండు ఆప్షన్లు ఇస్తారు, కారు ఫ్లోట్లేమో కంపెనీకొక లెక్క. ఒకదాంట్లో 10 నుంచి 180, ఇంకోదాంట్లో 240 నుంచి 33, అంటే పూర్తిగా తిరగబడి. అందుకని ఫ్లోటుని బయటికి తీసి, ట్యాంకు దూరంగా పెట్టి, పెట్రోలు ఆరిపోయాక, మల్టీమీటరుతో చేత్తో ఎత్తి దించి రెండు చివర్లా చూడు. మీటరు అడిగేదానికి దగ్గరగా లేకపోతే రెసిస్టర్లు అతికించి తిప్పలు పడొద్దు, చివర్లు కలిసినా మధ్యలో లెక్క కుదరదు, అర ట్యాంకు ఉంటే పావు అంటుంది. మీటరుకి సరిపోయే యూనివర్సల్ ఫ్లోటు కొని, చెయ్యి పొడుగు నీ ట్యాంకు లోతుకి కోసుకో.

ఇక టెంపరేచర్. నా ఉద్దేశంలో మీటరంతటిలో నిజంగా డబ్బులు చేసేది ఇదే, ఎందుకంటే వెనక పెట్టిన ఇంజన్‌కి గాలి తక్కువ, ఆ అల్యూమినియం హెడ్ ఒక్కసారి వంగితే రెండున్నర వేల మీటరు కాస్తా తడిసి మోపెడవుతుంది. మీటరుతో వచ్చిన సెన్సరే వాడు, పాత మారుతీ సెన్సర్ లెక్క దీనికి కలవదు. మర సైజు తేడా ఉంటే లేత్ షాపులో ఇత్తడి అడాప్టర్ చేయించు. ఒక్క వైరు మాత్రమే ఉన్న సెన్సరైతే దానికి ఎర్త్ మర ద్వారానే అందుతుంది, లీకవుతుందని టెఫ్లాన్ టేపు దండిగా చుట్టేస్తే ఎర్త్ తెగిపోయి ఇంజన్ కాగుతున్నా చల్లగా ఉన్నట్టు చూపిస్తుంది. సెన్సర్ ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండే చోటే ఉండాలి. హోసు పగిలి నీళ్లన్నీ పోతే సెన్సర్ గాలిలో ఉండి అంకె తగ్గుతుంది, నువ్వేమో హమ్మయ్య చల్లబడింది అనుకుంటావు. నీళ్లు మరిగిపోతున్న బండిలో అంకె ఉన్నట్టుండి పడిపోతే అది శుభవార్త కాదు, వెంటనే ఇంజన్ ఆపెయ్.

ఆయిల్ ప్రెషర్ కోసం మీటరులో చిన్న బొమ్మ వెలుగుతుందిలే అని వదిలెయ్యకు. పట్టపగలు ఆ బొమ్మ కనపడదు. పక్కన ఎర్ర దీపం ఒకటి, వీలైతే బజ్జర్‌తో సహా, పాత పద్ధతిలోనే పెట్టు.

ప్రశ్న (కావలి నుంచి): సార్, నేనూ ఇలాంటి బండికి డిజిటల్ మీటరు పెట్టాను. మీటరు అద్భుతంగా ఉంది గానీ అప్పటి నుంచి బ్యాటరీ రెండు రోజులకోసారి డౌన్ అవుతోంది. షాపులో చూపిస్తే బ్యాటరీ మార్చమన్నారు, కొత్తది వేసినా అదే తంతు. ఒక్కోసారి గట్టిగా యాక్సిలరేటర్ తొక్కాక మాత్రం ఛార్జింగ్ వస్తుంది.

జవాబు: మీరు రాసిన ఆఖరి మాటలోనే జబ్బు దొరికింది. బ్యాటరీ మంచిదే, దాన్ని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ కూడా మంచిదే అయ్యుంటుంది. పాత డాష్‌బోర్డులో బ్యాటరీ గుర్తుతో ఎర్ర దీపం ఉండేది చూడండి, అది ఊరికే హెచ్చరిక కోసం పెట్టింది కాదు. తాళం తిప్పగానే ఆ బల్బు గుండా కొంచెం కరెంటు ఆల్టర్నేటర్ మీద ఎల్ అని రాసున్న టెర్మినల్‌కి వెళ్లి లోపలి ఫీల్డ్ కాయిల్‌ని మేల్కొలుపుతుంది. అప్పుడే అది ఛార్జింగ్ మొదలుపెడుతుంది, దీపం ఆరిపోతుంది. మీరు దాని బదులు డిజిటల్ మీటరులోని ఎల్‌ఈడీకి వైరు కలిపారు. ఎల్‌ఈడీ గుండా వెళ్లేది చాలా స్వల్పమైన కరెంటు, ఆల్టర్నేటర్‌కి అది చాలదు. గట్టిగా తొక్కినప్పుడు లోపల మిగిలిన అయస్కాంతత్వంతో తనంతట తనే లేస్తోంది, లేకపోతే నిద్రపోతోంది.

తాళం ప్లస్‌కీ ఆ ఎల్ వైరుకీ మధ్య 12 వోల్టుల 3 వాట్ల మామూలు ఫిలమెంటు బల్బు ఒకటి పెట్టండి, డాష్ మీద కనబడేలా పెడితే ఇంకా మంచిది. బల్బు వద్దనుకుంటే 68 ఓమ్‌లు, 5 వాట్ల రెసిస్టర్ ఎల్‌ఈడీకి సమాంతరంగా వెయ్యండి, అది కాస్త వేడెక్కుతుంది కాబట్టి ప్లాస్టిక్‌కి ఆనించొద్దు. తర్వాత బ్యాటరీ మీద మల్టీమీటరు పెట్టి చూడండి. ఇంజన్ ఆపి ఉంటే 12.5కి అటూ ఇటూగా, స్టార్ట్ చేసి ఐడిలింగ్‌లో వదిలేసినా 13.8 నుంచి 14.4 మధ్య రావాలి.

ఇంకొక్క చూపు. ఆ మీటరుకి రెండు ప్లస్ వైర్లు ఉంటాయి, ఒకటి తాళం వైరు, ఇంకోటి గడియారం, కిలోమీటర్ల మెమరీ కోసం బ్యాటరీ నుంచి నేరుగా. ఆ రెండూ కలిపేసి బ్యాటరీకే ఇచ్చి ఉంటే రాత్రంతా మీటరు తాగుతూనే ఉంటుంది. రెండిటికీ విడివిడిగా 2 ఆంపియర్ల ఫ్యూజులు వెయ్యండి.

ప్రశ్న (సింగరాయకొండ నుంచి): ఎడమ ఇండికేటర్ వేస్తే నాలుగు దీపాలూ కొట్టుకుంటున్నాయి. ఎందుకు?

జవాబు: మీ మీటరులో ఇండికేటర్‌కి ఒకే బాణం గుర్తు ఉంది, మీరు కుడి ఎడమ వైర్లు రెండూ దానికే కలిపారు. కరెంటు అట్నుంచి ఇటు దూకుతోంది. రెండు వైర్లలో ఒక్కో 1ఎన్4007 డయోడ్ (కరెంటుని ఒకే వైపు పోనిచ్చేది) వెయ్యండి, వెండి గీత ఉన్న కొస మీటరు వైపు. కొన్ని రూపాయల పని.

ప్రశ్న (నెల్లూరు నుంచి, ఇంజనీరింగ్ విద్యార్థులు): సార్, మేము కాలేజీ పోటీ కోసం బగ్గీ కడుతున్నాం, సింగిల్ సిలిండర్ ఇంజన్. రెడీమేడ్ మీటరు బదులు ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, చిన్న కలర్ స్క్రీనుతో మేమే డాష్‌బోర్డు చేద్దామనుకుంటున్నాం. ల్యాబులో బల్ల మీద బ్రహ్మాండంగా పనిచేసింది, ఇంజన్ స్టార్ట్ చేస్తే మాత్రం బోర్డు మళ్లీ మళ్లీ రీసెట్ అవుతోంది. కోడ్‌లో తప్పా?

జవాబు: కోడ్ జోలికి పోకండి, ముందు కరెంటు చూడండి. ల్యాబులో యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులు గంగిగోవులాంటివి. బండిలో వచ్చే 12 వోల్టులు సెల్ఫ్ తిప్పినప్పుడు ఎనిమిది తొమ్మిదికి కుంగుతాయి, రిలే వదిలినప్పుడు ముల్లులా పైకి లేస్తాయి. బోర్డు ముందు మంచి బక్ కన్వర్టర్ (వోల్టులు దించేది), దాని ముందు ఫ్యూజు, ఆ ముళ్లని మింగే టీవీఎస్ డయోడ్, దండిగా ఒక కెపాసిటర్ ఉండాలి. స్పార్కు సిగ్నల్‌ని బోర్డు పిన్నుకి నేరుగా ఇచ్చారేమో చూడండి, ఆ పిన్ను 3.3 వోల్టులకి మించి తట్టుకోదు. పీసీ817 లాంటి ఆప్టోకప్లర్ (వైరుతో కాకుండా వెలుతురుతో సిగ్నల్ దాటించేది) మధ్యలో పెడితే ఇంజన్ వైపు గొడవ ఇటు రాదు. ఎర్త్ వైర్లన్నీ ఛాసిస్ మీద ఎక్కడ దొరికితే అక్కడ బిగించకుండా ఒకే బోల్టు దగ్గరికి తీసుకురండి, పెయింటు గీకి మరీ బిగించండి.

ఆర్‌పీఎం లెక్కలో ఇంకో చిక్కు. ఫ్లైవీల్ మ్యాగ్నెటో ఉన్న చిన్న ఇంజన్లు ఫోర్ స్ట్రోక్ అయినా ప్రతి తిరుగుడుకీ స్పార్కు కొడతాయి, అందులో ఒకటి వృథా స్పార్కు. పుస్తకంలో చదివినట్టు రెండు తిరుగుళ్లకి ఒకటి అని రాసుంటే మీ స్క్రీను రెట్టింపు చూపిస్తుంది.

కలర్ స్క్రీను అందంగానే ఉంటుంది, ట్రాక్ మీద ఎండలో ఏమీ కనపడదు. నన్నడిగితే నడిపేవాడికి కావాల్సింది పెద్ద అంకెలో స్పీడు, రెండు మూడు దీపాలు, అంతే. మిగతాదంతా మెమరీ కార్డులో రాసుకుని సాయంత్రం గ్రాఫులు గీసుకోండి, జడ్జీలకి చూపించడానికి అదే పనికొస్తుంది.

ప్రశ్న (కొత్తపట్నం నుంచి): అన్నా, చెరువుగట్ల మీద తిరగడానికి కట్టిన బండి మాది. డిజిటల్ మీటరు పొద్దున బాగుంటుంది, మధ్యాహ్నానికి స్క్రీనంతా నల్లగా అయిపోతుంది, సాయంత్రానికి మళ్లీ మామూలే. వానాకాలంలో లోపల ఆవిరి పడుతోంది. వారంటీ లేదు.

జవాబు: రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఎల్‌సీడీ ఒక లెక్కా. ఎక్కువ వేడెక్కితే లోపలి ద్రవ స్ఫటికం తన అమరిక పోగొట్టుకుంటుంది, స్క్రీను నల్లబడుతుంది, చల్లారితే మళ్లీ వస్తుంది. రోజూ ఇలాగే జరిగితే కొన్నాళ్లకి మచ్చలు ఉండిపోతాయి. రేకుతో చిన్న టోపీ చేసి మీటరు మీద నీడ పడేలా పెట్టు, లోపలి వైపు నల్లరంగు వేస్తే వెలుతురు కొట్టదు. బండి ఆపిన చోట తడి గోనె కప్పడం తప్పు, ఆ తడే ఆవిరవుతుంది, పొడిగుడ్డ కప్పు.

ఆవిరికి సిలికాన్ పూసి అన్ని వైపులా మూసేస్తుంటారు, తేమ లోపల ఉండగా మూస్తే ఇంక బయటికి పోదు. వేసవిలో పొడిగా ఉన్న రోజు విప్పి, ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి మూయి. వైర్లు కింది నుంచి లోపలికి వెళ్లాలి, వెళ్లే ముందు ఒక వంపు కిందికి వేలాడాలి, నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. బురద కడగడానికి ప్రెషర్ పంపు మీటరు మీద కొట్టకు. నీకున్న అసలు శత్రువు ఉప్పుగాలి. ఎర్త్ కనెక్షన్లు పచ్చగా పట్టేస్తాయి, అప్పుడు పెట్రోలు గేజీ, టెంపరేచరు రెండూ తప్పుతాయి, అందరూ మీటరునే తిడతారు. వైర్లు మెలితిప్పి వదిలెయ్యకుండా కొసలకి లగ్గులు నొక్కి క్రింప్ చేసి, ష్రింక్ స్లీవ్ తొడిగి, బోల్టు మీద వాజిలిన్ రాయి.

ప్రశ్న (నెల్లూరు, వేదాయపాలెం నుంచి ఒక తల్లి): మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. వాడూ, స్నేహితులూ కలిసి ఇంటి వెనక కిట్ కారు కడుతున్నారు, ఇప్పుడు డిజిటల్ మీటరుకి డబ్బులడుగుతున్నాడు. ఇచ్చేదా? రోడ్డెక్కిస్తే పోలీసులు పట్టుకుంటారా? నాకు ఒకటే టెన్షన్.

జవాబు: మీటరుకి ఇవ్వండమ్మా, వైరింగ్ నేర్చుకుంటాడు. రోడ్డు సంగతి వేరు. కిట్ కారు, అంటే భాగాలు తెచ్చుకుని ఇంటి దగ్గరే బిగించుకునే కారు, ఇంగ్లండులో బాగా పెరిగిన అలవాటు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ అనే కారుని భాగాలుగా కూడా అమ్మేవారు, ఇంటి దగ్గర బిగించుకుంటే అక్కడి కొనుగోలు పన్ను తప్పేది. 1973లో దాని హక్కులు కేటర్‌హామ్ అనే కంపెనీ తీసుకుంది. అలాంటి బండ్లని పరీక్షించి నంబరు ఇచ్చే ఏర్పాటు అక్కడ ఉంది. మన దగ్గర మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 39 ప్రకారం రిజిస్ట్రేషన్ లేని బండి పబ్లిక్ రోడ్డు మీద నడపకూడదు. ఉన్న కారుని కోసి రూపం మార్చడం సెక్షన్ 52కి విరుద్ధం, 2019 సవరణ తర్వాత యజమానికి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా పడొచ్చు. ఇన్సూరెన్స్ ఎలాగూ ఇవ్వరు.

మీవాడికి పద్దెనిమిది నిండలేదనుకుంటా. మైనరు బండి నడిపి నేరం జరిగితే సెక్షన్ 199ఎ కింద తల్లిదండ్రుల మీదే కేసు, 25,000 జరిమానా, మూడేళ్ల వరకు జైలు. మైపాడు బీచికి ఒక్క రౌండు వేసొస్తాం అంటే ఒప్పుకోకండి. గేటున్న తోటలోనో, సొంత పొలంలోనో నడుపుకోమనండి, అక్కడ కూడా సీటు బెల్టూ, తల మీద రోల్ బారూ బిగించాకే. డబ్బు తక్కువైతే మీటరు కంటే ముందు వాటికి ఇవ్వండి.

ప్రశ్న (ఒంగోలు నుంచి): అసలు మీటరే ఎందుకు, పాత ఫోను డాష్ మీద పెట్టి బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్‌తో (ఇంజన్ కంప్యూటర్ లెక్కల్ని ఫోనుకి పంపేది) అన్నీ చూడొచ్చు కదా?

జవాబు: ఇంజన్‌కి ఓబీడీ సాకెట్ ఉన్న కంప్యూటర్ ఉంటే చూడొచ్చు, అదీ కారులోంచి ఇంజన్‌తో పాటు కంప్యూటర్, మొత్తం వైరింగ్ కూడా తెచ్చుకుని ఉంటేనే. కార్బురేటర్ ఇంజన్‌కి ఆ అడాప్టర్ మాట్లాడటానికి అవతల ఎవరూ ఉండరు. ఉన్నవాళ్లకి కూడా పెట్రోలు మట్టం చాలా కార్లలో అందులో రాదు, ఆయిల్ దీపమూ రాదు. ఫోనుని జీపీఎస్ స్పీడు కోసం మాత్రం వాడుకోండి, ఎండలో అదీ వేడెక్కి ఆగిపోతుంది.

ప్రశ్న (ఒంగోలు నుంచే, ఇంకొకరు): నాది కట్టిన బండి కాదు, రిజిస్ట్రేషన్ ఉన్న పాత కారే. డాష్ పాడైతే ఈ డిజిటల్ మీటరు వేశాను. కిలోమీటర్లు సున్నా నుంచి మొదలైంది. అమ్మేటప్పుడు ఇబ్బందా?

జవాబు: పాత మీటరు పారెయ్యలేదుగా? దాని మీద ఉన్న అంకెని ఫోటో తీసి, మార్చిన తేదీతో సర్వీసు పుస్తకంలో రాసుకోండి, కొనేవాడికి పాత మీటరు కూడా చేతికివ్వండి. సున్నా చూపించి తక్కువ తిరిగింది అని అమ్మితే అది మోసం కిందకొస్తుంది. కొత్త మీటరులో మొదటి అంకె పెట్టుకునే ఆప్షన్ కొన్నిట్లో మొదటి కొన్ని కిలోమీటర్ల లోపే తెరుచుకుని ఉంటుంది, మీది ఇంకా తిరగకపోతే ఈరోజే సెట్టింగులు తీసి చూడండి.